సున్నా గీత ఎంత ఎత్తులో ఉంది?

తెలుగునాట వాతావరణ వార్త అనగానే చూపు తూర్పుకు మళ్ళుతుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం, అది బలపడి వాయుగుండం, ఆపైన తుపాను, చివరికి తీరం దాటే చోటు. ఈ వరస మన ఇళ్ళల్లో పిల్లలకు కూడా కంఠతా వచ్చు. డిసెంబరు మొదలుకొని మార్చి దాకా శ్రీనగర్‌లోనో సిమ్లాలోనో వాతావరణ కేంద్రంలో డ్యూటీలో ఉన్న అధికారి మాత్రం పడమటికి చూస్తూ కూర్చుంటాడు. ఆయన ముందున్న పటంలో మధ్యధరా సముద్రం, కాస్పియన్ సముద్రం, ఇరాన్ పీఠభూమి, అఫ్ఘానిస్తాన్ ఉంటాయి. ఇవాళ ఇరాన్ మీద ఉన్న మేఘాలు రేపో ఎల్లుండో పీర్ పంజాల్ కొండలకు చేరతాయా? చేరితే కురిసేది వానా, మంచా? మంచైతే ఏ ఎత్తు నుంచి? ఎన్ని సెంటీమీటర్లు పేరుకుంటుంది? మొదటి ప్రశ్నకు జవాబు చెప్పడం ఈ రోజుల్లో పెద్ద కష్టం కాదు. రాత్రుళ్ళు నిద్రపట్టనివ్వనిది ఎత్తు ప్రశ్న.

ముందు ఆ మేఘాల సంగతి చూద్దాం. మధ్యధరా సముద్రపు పరిసరాల్లో పుట్టిన అల్పపీడన ద్రోణులు చలికాలంలో ఒకదాని వెనక ఒకటి తూర్పుకు బయల్దేరతాయి. వాతావరణ శాఖ వీటిని వెస్టర్న్ డిస్టర్బెన్స్ అంటుంది. మనం పశ్చిమ అలజడి అనుకుందాం. నడిచలికాలంలో నెలకు నాలుగైదు వస్తాయి. అన్నీ కురవవు. కొన్ని మబ్బు చూపించి వెళ్ళిపోతాయి. మన తుపానుకూ వీటికీ పోలిక తక్కువ. తుపానుకు ఇంధనం వెచ్చని సముద్రం. నేల తగిలాక దాని బలం సడలిపోతుంది. పశ్చిమ అలజడికి బలం వచ్చేది ఉత్తరాన ఉన్న చల్లగాలికీ దక్షిణాన ఉన్న వెచ్చగాలికీ మధ్య తేడా నుంచి. పైగా దాని అసలు బలమంతా నేల దగ్గర కాదు, బాగా పైన ఉంటుంది. సుమారు 12 కిలోమీటర్ల ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు పరుగెత్తే జెట్ ప్రవాహం దాన్ని వెంటబెట్టుకొస్తుంది. అందుకే అన్ని ఎడారులు దాటినా అది చావదు.

అలజడి దగ్గరపడేకొద్దీ దాని ముందువైపు గాలి నైరుతి నుంచి వీస్తుంది. ఆ గాలి అరేబియా సముద్రం మీది తేమను కూడా పైకి లాక్కొస్తుంది. అంటే కశ్మీరు కొండల మీద పడే మంచులో ఎక్కడో ఉన్న మధ్యధరా నీళ్ళే కాక, గుజరాత్ పక్కనున్న సముద్రపు నీళ్ళు కూడా ఉంటాయి. ఈ రెండో సరఫరా బాగా అందిన అలజడే బలంగా కురుస్తుంది. అందనిది వచ్చిన దారినే పోతుంది.

అలజడి వస్తోందా లేదా అన్నది నాలుగైదు రోజుల ముందే చాలావరకు తెలిసిపోతుంది. ఉపగ్రహాలు ఉన్నాయి, కంప్యూటర్ నమూనాలు ఉన్నాయి, దారిలో ఉన్న దేశాల కొలతలు ఉన్నాయి. కానీ రావడం వేరు, కురవడం వేరు. 2024 జనవరి నెలాఖరు దాకా కశ్మీరులోని గుల్‌మార్గ్ కొండలు బోసిగా, గోధుమరంగు గడ్డితో కనిపించాయి. స్కీయింగ్ కోసం దేశదేశాల నుంచి జనం వచ్చే చోటది. నెల చివర్లో అలజడులు దిగాకే అక్కడ మంచు పేరుకుంది. మరుసటి ఏడు, 2025లో, ఫిబ్రవరిలో జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలను చాలినంత మంచు లేక వాయిదా వేసి మార్చిలో జరిపారు. ఫలానా వారంలో అలజడి లేదని చెప్పడం కూడా సూచనే. హోటళ్ళవాళ్ళకు ఆ సూచన రుచించదు, అంతే.

ఇక కొండ దగ్గరికి వద్దాం. తేమగాలి కొండకు ఢీకొంటే పక్కకు తప్పుకోవాలి, లేదా ఎక్కాలి. పీర్ పంజాల్ లాంటి పొడవాటి గోడ ముందు తప్పుకునే దారి తక్కువ. ఎక్కుతుంది. ఎక్కేకొద్దీ పీడనం తగ్గి గాలి వ్యాకోచిస్తుంది, చల్లబడుతుంది, తేమ మేఘమవుతుంది, మేఘం కురుస్తుంది. గాలి ఎక్కే వైపు వాలు మీద కురిసినంత అవతలి వైపు కురవదు, ఎందుకంటే అవతల గాలి దిగుతూ వేడెక్కి ఎండిపోతుంది. లేహ్ ఊరికి ఏడాది మొత్తం మీద పడే వానా మంచూ కలిపినా 100 మిల్లీమీటర్ల ప్రాంతంలోనే ఉంటుంది. 3,500 మీటర్ల ఎత్తున, ఎముకలు కొరికే చలిలో ఉండే ఊరది. చలి ఎక్కువైతే మంచు ఎక్కువ పడుతుందని మనం అనుకుంటాం. చలి ఒక్కటే చాలదు, తేమ రావాలి. లడఖ్‌కు తేమ చేరేలోపు ముందున్న కొండలన్నీ తమ వాటా పిండుకుంటాయి.

తేమ వచ్చింది, కొండ ఎక్కింది, మేఘం తయారైంది. ఇప్పుడు సున్నా గీత. నేల నుంచి పైకి వెళ్ళేకొద్దీ ఉష్ణోగ్రత సగటున కిలోమీటరుకు ఆరున్నర డిగ్రీల చొప్పున తగ్గుతుంది. ఎక్కడో ఒక ఎత్తులో సరిగ్గా సున్నా అవుతుంది. ఆ ఎత్తే సున్నా గీత. చలికాలపు అలజడిలో వాన సైతం సాధారణంగా పైన మంచుగానే పుడుతుంది. సున్నా గీత దాటి కిందికి దిగాక కరిగి వాన చినుకవుతుంది. పూర్తిగా కరగడానికి రెండు మూడు వందల మీటర్లు పడుతుంది కాబట్టి, సున్నా గీత 2,600 మీటర్ల దగ్గర ఉంటే 2,300 దాకా మంచు కిందికి వస్తుందని ఒక మోటు లెక్క. ఆ రోజు సుమారు 2,500 మీటర్ల ఎత్తులో ఉన్న సోలంగ్‌లో పిల్లలు మంచుముద్దలు విసురుకుంటారు. సుమారు 2,050 మీటర్ల దగ్గరున్న మనాలీ బజారులో జనం గొడుగులు వేసుకుని తిట్టుకుంటారు. రెంటి మధ్యా కారులో పోతే అరగంట దారి, అదీ ట్రాఫిక్ లేకపోతే.

హైదరాబాదులో సూచన ఒక డిగ్రీ తప్పితే ఎవరికీ పట్టదు. 29 అన్నారు, 30 అయింది, ఫ్యాను స్పీడు ఒక పాయింటు పెరుగుతుంది. కొండల్లో ఆ ఒక్క డిగ్రీ అంటే 150 మీటర్ల ఎత్తు. ఆ 150 మీటర్లలో ఒక ఊరు ఉండొచ్చు, ఒక ఘాట్ రోడ్డులో పది మలుపులు ఉండొచ్చు, సెలవుల రద్దీలో వెయ్యి కార్లు ఉండొచ్చు. 2024 డిసెంబరులో సోలంగ్‌కూ అటల్ సొరంగానికీ మధ్య వెయ్యి వరకూ వాహనాలు మంచులో ఇరుక్కుంటే పోలీసులు రాత్రి దాకా జనాన్ని దించుతూనే ఉన్నారు.

ఈ గీత ఒకచోట నిలబడి ఉంటే ఇంత బాధ లేదు. కురుస్తున్నకొద్దీ అదే కిందికి జారుతుంది. దీనికి కారణాలు రెండు. మొదటిది ఆవిరవడం. మేఘం కింద గాలి పొడిగా ఉంటే, పడే చినుకుల్లో కొంత ఆవిరై ఆ గాలిని చల్లారుస్తుంది. మట్టికుండలో నీళ్ళు చల్లబడేది ఇలాగే. అందుకే కొండల్లో సూచన రాసేవాళ్ళు మామూలు థర్మామీటరు చూపే అంకె కన్నా తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపే అంకెనే ఎక్కువ నమ్ముతారు. మామూలు అంకె మూడు డిగ్రీలున్నా, గాలి పొడిగా ఉండి తడి థర్మామీటరు సున్నా దగ్గర ఉందంటే మంచు పడే వీలుంది.

రెండో కారణం కరగడం, ఇది ఇంకా బలమైనది. కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్ళ వేడి కావాలి. ఆ వేడిని అది చుట్టూ ఉన్న గాలి నుంచే తీసుకుంటుంది. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. ఒక చదరపు మీటరు నేల మీద 500 మీటర్ల ఎత్తున్న గాలి స్తంభాన్ని ఊహించండి. కొండ ఎత్తుల్లో దాని బరువు సుమారు 475 కిలోలు. దాన్ని ఒక డిగ్రీ చల్లార్చాలంటే 480 కిలోజౌళ్ళ దాకా తీసేయాలి. అంటే దాదాపు కిలోన్నర మంచు కరిగితే చాలు. చదరపు మీటరుకు కిలోన్నర అంటే ఒకటిన్నర మిల్లీమీటర్ల వాన! జోరుగా కురిస్తే గంటలోపే పడే మోతాదు. గాలి కదలని ఇరుకు లోయలో నాలుగు గంటలు గట్టిగా కురిస్తే సున్నా గీత కొన్ని వందల మీటర్లు దిగొచ్చి లోయ అడుగున కూర్చుంటుంది. సాయంత్రం వాన చూసి పడుకున్న ఊరు తెల్లారి లేచేసరికి మంచు కింద ఉండడానికి కారణం కొత్తగా వచ్చిన చల్లగాలి కానక్కర్లేదు. ఆ వానే మంచును తెచ్చుకుంది. లోయ వెడల్పుగా ఉండి, కింది నుంచి వెచ్చగాలి ధారగా వస్తుంటే ఈ లెక్క పనిచేయదు. కొత్త గాలి వచ్చి చల్లారినదాన్ని తోసేస్తుంది. పక్కపక్క లోయల్లో ఒకే రాత్రి ఒకచోట వాన, ఒకచోట మంచు పడ్డాయంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఎత్తు తేలింది, ఇక ఎంత పడుతుందో చెప్పాలి. కంప్యూటరు నమూనా చెప్పేది నీళ్ళ లెక్క, మిల్లీమీటర్లలో. జనం అడిగేది మంచు మందం, సెంటీమీటర్లలో. మిల్లీమీటరు నీటికి సెంటీమీటరు మంచు అన్నది పుస్తకాల్లో కనిపించే మారకపు రేటు. సగటుకు అది పరవాలేదు కానీ ఏ ఒక్క రోజుకూ నమ్మదగినది కాదు. సున్నాకు దగ్గరగా, సగం తడిసి పడే మంచు బరువుగా ఉంటుంది. 10 మిల్లీమీటర్ల నీరు 5 సెంటీమీటర్ల మంచు మాత్రమే కావచ్చు. అదే నీరు మైనస్ 15 డిగ్రీల దగ్గర పెరిగిన రెక్కల స్ఫటికాలుగా పడితే 20 సెంటీమీటర్లు దాటిపోతుంది. ఎందుకంటే ఆ స్ఫటికాల కొమ్మలు ఒకదానికొకటి అడ్డుపడి మధ్యలో గాలిని ఇరికించుకుంటాయి. స్కీ ఆటగాళ్ళు ప్రాణమిచ్చే పొడిమంచు అదే. నూటికి తొంభైకి పైగా పాళ్ళు గాలి.

స్ఫటికం ఆకారానికీ అది పెరిగిన చోటి ఉష్ణోగ్రతకూ ఉన్న సంబంధాన్ని తేల్చినవాడు జపాన్ శాస్త్రవేత్త ఉకిచిరో నకాయా. హొక్కైదో విశ్వవిద్యాలయంలో చల్లటి గదిలో కూర్చుని కృత్రిమంగా మంచు స్ఫటికాన్ని పెంచాలని చూశాడు. మొదట్లో ఏ దారం మీద పెంచినా ముద్దముద్దగా మంచు అంటుకునేది తప్ప విడి స్ఫటికం వచ్చేది కాదు. చివరికి కుందేలు వెంట్రుక పనికొచ్చింది. 1936లో దాని మీద మొదటి స్ఫటికం పెరిగింది. ఉష్ణోగ్రతనూ తేమనూ మారుస్తూ పోతే మైనస్ 5 దగ్గర సూదులు, మైనస్ 15 దగ్గర ఆరు కొమ్మల నక్షత్రాలు వచ్చాయి. ఈనాటి అధికారి మేఘంలో ఏ పొర మైనస్ 12, మైనస్ 18ల మధ్య ఉంది, ఆ పొరలో గాలి బలంగా పైకి లేస్తోందా అని చూసేది నకాయా చూపిన ఈ దారినే.

కొలవడం మాత్రం ఇప్పటికీ ఇంటిపనిలాగే సాగుతుంది. మన దేశంలో రోజువారీ కొలతకు వేళ ఉదయం ఎనిమిదిన్నర. కొత్త మంచు కొలవడానికి తెల్ల రంగు వేసిన చదునైన చెక్కపలక వాడతారు. తెల్లరంగు ఎందుకంటే, ముదురు రంగైతే ఎండకు వేడెక్కి మంచును కరిగిస్తుంది. గాలికి మంచు ఎగిరిపోని చోటు చూసి పలకను పెడతారు. పొద్దున్న స్కేలు గుచ్చి సెంటీమీటర్లు రాసుకుంటారు. ఆ మంచును డబ్బాలోకి తీసి కరిగించి, కొలపాత్రలో పోసి మిల్లీమీటర్లు రాసుకుంటారు. పలకను తుడిచి, ఈసారి పేరుకున్న మంచు పైన పెడతారు. పక్కనే పాతిన గుంజ మీద మొత్తం మందం చదువుతారు. వానమాపకాన్ని నమ్ముకుంటే మోసపోతాం. గాలి ఉన్నప్పుడు తేలికైన మంచు రేకులు దాని మూతి మీదుగా పక్కకు కొట్టుకుపోతాయి, పడిన దానికన్నా తక్కువ చూపిస్తుంది. ఎత్తు పెరిగేకొద్దీ గాలి ఎక్కువ, మనుషులు తక్కువ. మంచు ఎక్కువ పడే చోటే కొలత తక్కువ అన్నమాట.

ఈ చిక్కు సూచన భాషలోకి కూడా దూరింది. "ఒకటి రెండు చోట్ల" కురుస్తుందని మన బులెటిన్లలోనూ వింటుంటాం. అది నోటికొచ్చిన మాట కాదు. ఆ ప్రాంతంలోని కొలత కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా అని దానికి లెక్క ఉంది. కోస్తా జిల్లాల్లో కేంద్రాలు నేలంతా పరుచుకుని ఉంటాయి కాబట్టి ఆ మాటకు అర్థం ఉంటుంది. హిమాలయాల్లో కేంద్రాలు చాలావరకు మనుషులుండే లోయల్లో ఉంటాయి. "ఒకటి రెండు చోట్ల మంచు" అన్న రోజున శిఖరాలన్నిటి మీదా కురిసి ఉండొచ్చు. లెక్కలో వచ్చేది లోయలే.

నమూనాలకూ అదే జబ్బు. కంప్యూటరు భూమిని చదరాలుగా కోసుకుని ఒక్కో గడికి ఒక ఎత్తు ఇస్తుంది. చాలా ఏళ్ళు మన వాతావరణ శాఖ నమూనాలో ఆ గడి పక్క 12 కిలోమీటర్లు. 2025 మేలో మొదలైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో అది 6 కిలోమీటర్లకు తగ్గింది. మైదానంలో ఇది గొప్ప మెరుగుదల. కొండల్లో మంచి మెరుగుదలే కానీ సరిపోదు. మనాలీ నుంచి 3,978 మీటర్ల రోహ్‌తాంగ్ కనుమ దాకా నేల దాదాపు రెండు కిలోమీటర్లు లేస్తుంది. అంతటి లేపును మూడు నాలుగు గడుల్లో పెడితే లోయలు పూడిపోతాయి, శిఖరాలు అరిగిపోతాయి. నమూనాలో మనాలీ నిజం మనాలీ కన్నా ఎత్తున ఉంటుంది. అందువల్ల చల్లగా ఉంటుంది. అందువల్ల అక్కడ లేని మంచు కురుస్తుంది. అనుభవం ఉన్న అధికారి ఈ అంకెలను ఉన్నదున్నట్టు తీసుకోడు. గడి ఎత్తుకూ ఊరి ఎత్తుకూ తేడా చూసి, ఆ తేడాను డిగ్రీల్లోకి మార్చి సరిచేసుకుంటాడు. ఫోన్లో కనిపించే ఉచిత యాప్‌లలో చాలావాటి వెనక ఈ మనిషి లేడు. రాడార్లు ఆదుకుంటాయా అంటే, కుఫ్రీ, ముక్తేశ్వర్ లాంటి ఎత్తైన చోట్ల పెట్టారు, పనికొస్తున్నాయి. అయినా రాడార్ కిరణం తిన్నగా పోతుంది, కొండ అడ్డొస్తే ఆగిపోతుంది. అవతలి లోయ దానికి కనబడదు.

అలజడి దాటిపోయాక ఆకాశం కడిగినట్టు తేటపడుతుంది. కొత్తగా వెళ్ళినవాళ్ళు గండం గడిచిందనుకునేది ఇప్పుడే. నిజానికి అసలు చలి ఇప్పుడే మొదలవుతుంది. మబ్బు లేని రాత్రి నేల తన వేడినంతా ఆకాశంలోకి వదిలేస్తుంది. కింద కొత్త మంచు ఉంటే నేలలోని వేడి పైకి రాదు. చల్లబడిన గాలి బరువెక్కి వాలు వెంట లోయలోకి దిగి నిలిచిపోతుంది. పైకి వెళ్ళేకొద్దీ చల్లబడాలన్న సూత్రం అక్కడ తలకిందులవుతుంది. పక్కనున్న కొండవాలు కన్నా లోయ అడుగే చల్లగా ఉంటుంది. కశ్మీరులో డిసెంబరు 21 నుంచి 40 రోజులను చిల్లయి కలాన్ అంటారు, చలికాలానికి నడినెత్తి. 2024లో సరిగ్గా ఆ ప్రవేశం నాటి రాత్రి శ్రీనగర్‌లో మైనస్ 8.5 డిగ్రీలు నమోదైంది. డిసెంబరులో అంత చలి రాత్రి యాభై ఏళ్ళలో లేదు. ఆ రాత్రి కురిసిన మంచు ఏమీ లేదు. నిర్మలాకాశం చేసిన పని అది.

మన అల్లూరి జిల్లాలోని లంబసింగి చలి కూడా ఇదే కోవకు చెందినది. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో, చుట్టూ కొండలు, మధ్యలో పల్లం. డిసెంబరు, జనవరి రాత్రుల్లో చల్లగాలి అందులో చేరి నిలుస్తుంది. తెల్లవారుజామున గడ్డి మీద తెల్లటి పూత కనిపిస్తే ఆంధ్రా కశ్మీరు అని మురిసిపోతాం. అది గాలిలోని తేమ గడ్డి మీదే గడ్డకట్టడం. ఆకాశం నుంచి ఏమీ కురవలేదు. కురవాలంటే మబ్బు కావాలి. మబ్బు పట్టిన రాత్రి లంబసింగిలో అంత చలే ఉండదు.

హిమాలయాల్లో తేటపడిన ఆకాశం కింద ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది. పడిన మంచు పడినట్టు ఉండదు. గాలి దాన్ని శిఖరం ఒకవైపు నుంచి ఊడ్చి రెండోవైపు పోస్తుంది. బులెటిన్‌లో 30 సెంటీమీటర్లు అని ఉన్న రోజున గాలివాటు వాలు మీద మీటరు మంచు దిగి ఉండొచ్చు. అడుగున ఉన్న పాత మంచు పొర బలహీనంగా ఉంటే, పై బరువుకు అది కుంగి, పైనున్న పలక మొత్తం ఒక్కసారిగా జారుతుంది. ఇదే మంచు చరియ. 30 డిగ్రీల కన్నా తక్కువ వాలులో పలక జారడం అరుదు. బాగా నిటారుగా ఉన్నచోట మంచు ఎప్పటికప్పుడు రాలిపోతుంది, పేరుకోదు. 35, 40 డిగ్రీల మధ్య వాలు ప్రమాదానికి నెలవు. స్కీయింగ్‌కు ముచ్చటగా కనిపించే వాలు కూడా అదే.

బలహీన పొర ఎలా తయారవుతుంది? మంచు కింద నేల సున్నాకు దగ్గరగా వెచ్చగా ఉంటుంది, పైతలం మైనస్ 20 కావచ్చు. మంచు మందం 60 సెంటీమీటర్లే అయితే ఆ కొద్ది మందంలో 20 డిగ్రీల తేడా. అడుగు నుంచి ఆవిరి పైకి పోతూ మంచు రేణువులను పంచదార పలుకుల్లా, ఒకదానికొకటి అతుక్కోని గింజలుగా మార్చేస్తుంది. అందుకే మంచు తక్కువ పడి చలి ఎక్కువున్న చలికాలం ఒక రకంగా ఎక్కువ మోసకారి. దీన్ని పరీక్షించే పద్ధతి చూస్తే నవ్వొస్తుంది, కానీ ప్రపంచమంతా అదే చేస్తుంది. మంచులో గొయ్యి తవ్వి, 30 సెంటీమీటర్ల చదరపు స్తంభాన్ని విడిగా కోసి నిలబెడతారు. దాని మీద పార వెడల్పు భాగాన్ని బోర్లించి చేత్తో తడతారు. మొదట మణికట్టు నుంచి పది దెబ్బలు, తర్వాత మోచేతి నుంచి పది, చివరికి భుజం నుంచి పది. ఎన్నో దెబ్బకు ఏ పొర దగ్గర స్తంభం తెగిందో రాసుకుంటారు. మణికట్టు దెబ్బలకే నున్నగా తెగి జారిందంటే ఆ వాలు మీద అడుగు పెట్టరు.

మన దేశంలో ఈ పని 1969లో మనాలీలో మొదలైన హిమ, మంచు చరియల అధ్యయన సంస్థది. రక్షణ పరిశోధన విభాగానికి చెందిన ఆ సంస్థ 2020లో మరో ప్రయోగశాలతో కలిసి డీజీఆర్ఈ అయింది, కేంద్రం చండీగఢ్. జిల్లావారీగా, ఎత్తువారీగా, రంగుల్లో హెచ్చరికలు ఇస్తుంది. 2025 ఫిబ్రవరి 27 సాయంత్రం అది ఉత్తరాఖండ్‌లోని చమోలీ సహా ఐదు జిల్లాల్లో 2,400 మీటర్ల పైన 24 గంటల పాటు మంచు చరియల ప్రమాదం ఉందని చెప్పింది. మర్నాడు తెల్లవారుజామున, బద్రీనాథ్ దగ్గర సుమారు 3,200 మీటర్ల ఎత్తున్న మాణా గ్రామం పక్కన, సరిహద్దు రోడ్ల కూలీలుండే శిబిరం మీద చరియ విరిగిపడింది. ఇనుప కంటెయినర్లలో నిద్రపోతున్న 54 మందిలో 46 మందిని బతికించగలిగారు, 8 మంది చనిపోయారు. సూచనలో తప్పులేదు. జిల్లా సరైనదే, ఎత్తు సరైనదే, సమయం సరైనదే. సాయంత్రం కాగితం మీద ఉన్న హెచ్చరిక తెల్లవారేలోగా కంటెయినర్లలో ఉన్న మనుషుల్ని కిందికి దింపలేకపోయింది. సూచన శాస్త్రం ఎంత పెరిగినా ఈ చివరి మైలు దానంతటది పూడదు. నా దృష్టిలో ఇవాళ హిమాలయాల్లో కొత్త నమూనా కన్నా అవసరమైనది ఇదే, రంగు మారిన వెంటనే శిబిరం ఖాళీ చేయించే అధికారం ఒక మనిషి చేతిలో ఉండడం.

సియాచిన్ హిమానీనదం మీద 2016 ఫిబ్రవరి 3న మంచుగోడ కూలి మద్రాసు రెజిమెంటు శిబిరంలోని పదిమంది సైనికులు కూరుకుపోయారు. వారిలో ఒకరు కర్నూలు జిల్లావాసి. ఆరు రోజుల తర్వాత లాన్స్ నాయక్ హనుమంతప్పను ప్రాణంతో తీశారు కానీ ఆయన కూడా ఫిబ్రవరి 11న మరణించారు. ఆరు రోజులు బతకడం అసాధారణం. మంచులో పూర్తిగా కూరుకుపోయిన వాళ్ళకు మొదటి పావుగంటే ప్రధానం. ఆ తర్వాత ఊపిరాడక బతికే అవకాశం వేగంగా పడిపోతుంది.

కొండల మీద మంచు కొండలకే పరిమితమైన సంగతి కాదని 140 ఏళ్ళ కిందటే ఒకాయనకు తోచింది. భారత వాతావరణ శాఖ తొలి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫోర్డ్, హిమాలయాల్లో వసంతకాలం దాకా మంచు ఎక్కువగా ఉన్న ఏడు రుతుపవనాలు బలహీనపడుతున్నాయని 1884లో రాశాడు. ఆ ఆధారంతోనే 1886 జూన్ 4న మొదటి రుతుపవన సూచన అధికారికంగా వెలువడింది. తర్వాతి దశాబ్దాల్లో ఆ సంబంధం ఆయన అనుకున్నంత గట్టిగా నిలవలేదు. కొన్నేళ్ళు సరిపోయేది, కొన్నేళ్ళు బెసికేది. అయినా పూర్తిగా కొట్టేయలేదు. 1988లో వసంత్ గోవారికర్ బృందం తయారుచేసిన 16 అంశాల సూత్రంలో హిమాలయాల మంచుకూ యూరేసియా మంచుకూ చోటుంది. అనంతపురం వేరుశనగ రైతు ఎదురుచూసే వాన గురించి చెప్పడానికి ముందు, జనవరిలో కొండల మీద ఎంత తెలుపు పరుచుకుందో కొలిచిన రోజులవి. నేరుగా తెలిసే లాభం ఉత్తరాదిది. సట్లెజ్‌లో వేసవి మొదట్లో పారి భాక్రా జలాశయానికి చేరే నీళ్ళలో పెద్ద వాటా చలికాలపు మంచుదే.

సంక్రాంతి సెలవులకు మనాలీ, గుల్‌మార్గ్ టికెట్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలు ఏటా పెరుగుతున్నాయి. వాళ్ళకు చెప్పాల్సింది కొంత ఉంది. ఫోన్‌లో ఊరి పేరు పక్కన కనిపించే మంచుపువ్వు బొమ్మను నమ్ముకోకండి. సిమ్లా, శ్రీనగర్ వాతావరణ కేంద్రాల బులెటిన్ చదవండి, అందులో సెంటీమీటర్ల కన్నా ముందు మీటర్లు చూడండి. మీ హోటల్ ఎంత ఎత్తులో ఉందో, మర్నాడు వెళ్ళబోయే చోటు ఎంత ఎత్తులో ఉందో కనుక్కుని పెట్టుకోండి. మంచు ఆగి ఎండ వచ్చిన మొదటి రోజున వాలుల కింద ఫొటోలకు నిలబడకండి. తిరుగు ప్రయాణానికి ఒక రోజు ఖాళీ ఉంచుకోండి. దారిలో పోలీసులు బారికేడ్ అడ్డంపెట్టి పైకి వెళ్ళొద్దంటే బేరమాడకండి, బండి వెనక్కి తిప్పండి.